సముద్రంల మందుపాతర్లు: మీరడిగిన్రు, నేను చెప్తున్న

పోయిన నెల సంచికల చమురు ఓడలకు నేవీ కాపలా గురించి చిన్నగ నాలుగు లైన్లు రాస్తే ఇగ ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లు ఆగుతలేవు. సముద్రం లేని జిల్లాలల్ల ఇంతమందికి సముద్రం మీద పట్టింపు ఉంటదని ఆఫీసుల ఎవ్వరు అనుకోలే, గని జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ దిక్కు గల్ఫ్‌కు మనిషిని పంపని వాడకట్టు దొరకదు కాబట్టి నాకైతే ఆశ్చర్యం కాలే. ఈసారి పేజీ మొత్తం దీనికే, ముఖ్యంగ సముద్రంల పెట్టే మందుపాతర్లకు, వాటినే మైన్లు అంటరు. పేర్లు ఎయ్యొద్దని కొందరు అన్నరు, అందుకని అందరియి తీసేసి ఊరు ఒక్కటే ఉంచిన.

ప్రశ్న (జగిత్యాల నుంచి ఒక చెల్లె): మా ఆయన కువైట్‌ల డ్రైవరు. టీవీ పెడితే చాలు హార్ముజ్ మూసేస్తరు, మైన్లు ఏస్తరు అని ఒకటే మొత్తుకుంటరు. సముద్రానికి తలుపు ఏడుంటది సార్ మూయనీకి? నిజంగనే మూస్తె మా ఆయన రానీకి దారి ఉంటదా?

జవాబు: ముందుగాల నీ ఇంటి ముచ్చట చెప్త చెల్లె. మీ ఆయన వచ్చేది విమానంల, హార్ముజ్ మూసినా తెరిచినా దానికి విమానంతోని నేరుగ సంబంధం లేదు. యుద్ధమే వస్తె ఆకాశం దారి సుత కొన్ని రోజులు బంద్ అయితది, అది వేరే లెక్క. పాస్‌పోర్ట్ ఆయన దగ్గర్నే ఉందా, కఫీల్ (పనికి పెట్టుకున్న యజమాని) దగ్గర ఉందా, అకామా (అక్కడ ఉండనీకి ఇచ్చే పర్మిట్) తేదీ ఎప్పటిదాకా ఉంది, మన ఎంబసీ నంబరు ఫోన్ల ఉందా, గివి ఒక్కసారి ఫోన్ చేసి అడుగు. టీవీ చూసుకుంట భయపడే కన్నా గది నయం.

ఇగ తలుపు సంగతి. ఇరాన్‌కు, ఒమన్‌కు నడిమిట్ల ఉన్న సన్నని నీళ్ల దారి అది, బాగ ఇరుకున్న కాడ 33 కిలోమీటర్లు, అంటె దగ్గర దగ్గర వరంగల్ నుంచి పరకాల పోయేంత. గంత వెడల్పు ఉన్నా పెద్ద ఓడలు ఎటు పడితె అటు పోవు, పోయేదానికి ఒక లైను, వచ్చేదానికి ఒక లైను గీసి ఉంటయి, ఒక్కో లైను రెండు నాటికల్ మైళ్లు, అంటె మూడున్నర కిలోమీటర్లకు కొంచెం ఎక్కువ. కువైట్, ఖతర్, బహ్రెయిన్, ఇరాక్ వీళ్లందరి సరుకు ఓడల మీద బయటికి రావాల్నంటె ఇదొక్కటే తొవ్వ. ప్రపంచం వాడే చమురుల ఐదో వంతు దాక ఈ తొవ్వ పొంటే వచ్చేది. సౌదీకి ఎర్ర సముద్రం దిక్కు యాన్బుకు పైపు ఉంది, ఎమిరేట్స్‌కు ఫుజైరాకు పైపు ఉంది, గని ఆ రెండు కలిసినా ఇంత మోయలేవు.

మూసుడు అంటె గేటు ఏసుడు కాదు. ఆ లైన్లల్ల నాలుగు మైన్లు ఉన్నయట అని నమ్మేటట్టు ఒక మాట బయటికి వస్తె చాలు, ఇన్సూరెన్స్ కంపెనీలు లండన్‌ల కూసొని ప్రీమియం పెంచేస్తయి, ఓడ ఓనర్ లెక్క ఏసుకొని లంగరు ఏసుకుంటడు. మైను ఉన్నదా లేదా అన్నది తర్వాత ముచ్చట. నీకు అసలు తగిలేది ఎక్కడంటె గ్యాస్ బండ కాడ, మన దేశం వాడే వంటగ్యాస్‌ల 60 శాతం దాక బయటనుంచి వచ్చేదే, అందుల ఎక్కువ భాగం గల్ఫ్‌దే. ముడి చమురైతే విశాఖల కొండ కింద గుహలల్ల 13.3 లక్షల టన్నులు దాచిపెట్టుకునే జాగ ఉంది, మంగళూరు, పాదూర్‌ల ఇంకింత, కాబట్టి తెల్లారే పెట్రోల్ బంకు బంద్ కాదు. గ్యాస్‌కు గంత పెద్ద నిల్వ లేదు.

ప్రశ్న (వరంగల్, ఇంజినీరింగ్ స్టూడెంట్): ఒక్కో డిస్ట్రాయర్ యుద్ధనౌక వేల కోట్లు, రాడార్ వందల కిలోమీటర్ల అవతల ఉన్న విమానాన్ని పట్టుకుంటది. అసొంటి ఓడ ముంగట పోతుంటె వెనుక ట్యాంకర్లు నిమ్మళంగ పోవచ్చు కద అన్నా, మైనుకు ఎందుకు ఇంత భయం?

జవాబు: తమ్మీ, రాడార్ నీళ్లల్లకు చూడలేదు, అసలు కథ గక్కడ్నే అయిపోయింది.

నువ్వు చెప్పిన ఐడియానే 1987ల అమెరికా చేసింది. ఇరాన్, ఇరాక్ కొట్టుకుంటున్న రోజులు, రెండు దిక్కులోళ్లు ఒకళ్ల ట్యాంకర్లను ఒకళ్లు కాలుస్తున్నరు, కువైట్ పోయి సాయం అడిగితె అమెరికా వాళ్ల ట్యాంకర్లకు తన జెండా కట్టి చుట్టూ యుద్ధనౌకలు పెట్టి తీసుకపోయింది. మొట్టమొదటి ట్రిప్పుల్నే, జులై 24 నాడు, బ్రిడ్జ్‌టన్ అనే పెద్ద ట్యాంకర్ మైను మీదికి ఎక్కింది. అది నాలుగు లక్షల టన్నుల ఓడ, పక్కకు రంధ్రం పడ్డా నడుచుకుంటనే పోయింది. అప్పుడు ఆ యుద్ధనౌకలు ఏం చేసినయో తెలుసా, ట్యాంకర్‌ను ముంగట పెట్టి దాని వెనుక లైను కట్టినయి! కాపాడనీకి వచ్చినోళ్లకు వెనుక నడుసుడే మిగిలింది, ఎందుకంటె ఆ మైనే ఒక ఫ్రిగేట్‌కు, అంటె చిన్న యుద్ధనౌకకు, తగిలితె రెండు ముక్కలు అయితది. నవ్వులాట కాదు గని, వాళ్లు చేసింది తప్పు అని సుత నేను అనను, నేనున్నా గదే చేద్దును.

ఇప్పుడు మైను ఎట్ల ఉంటదో చెప్త. పాతది, అందరికి ఫొటోలల్ల తెలిసినది, ఇనుప గుండు దానికి కొమ్ములు. అడుగున లంగరు, నడిమిట్ల తీగ, గుండు నీళ్ల కింద కొంచెం లోతుల తేలుకుంట ఉంటది. కొమ్ము లోపట గాజు గొట్టంల యాసిడ్ ఉంటది, ఓడ తగిలి కొమ్ము వంగితె గాజు పగులుతది, యాసిడ్ కిందికి దిగి బ్యాటరీ అయితది, కరెంటు పుట్టి మందు అంటుకుంటది. ఇందుల ఎలక్ట్రానిక్స్ ఏం లేదు, చెడిపోయేది ఏం లేదు. 1988 ఏప్రిల్ 14 నాడు శామ్యూల్ బి. రాబర్ట్స్ అనే అమెరికా ఫ్రిగేట్ అసొంటిదే ఒకటి తగిలి మునిగినంత పని అయింది, అడుగుకు 15 అడుగుల రంధ్రం, ఓడ వెన్నుపూస ఇరిగింది, ఇంజిన్ రూమ్ నిండ నీళ్లు. సెయిలర్లు రాత్రంత ఓడను తీగలతోని కట్టి నిలబెట్టుకున్నరు. ఆ మైను డిజైన్ ఏ సంవత్సరానిదంటె 1908, రష్యాల జార్ చక్రవర్తి కాలంది. ధర 1,500 డాలర్లు అంటరు, ఓడ రిపేరుకు అయింది దాదాపు 9 కోట్ల డాలర్లు. నువ్వు ఇంజినీరింగ్ చదువుతున్నవు కద, ఆ భాగాహారం నువ్వే చెయ్యి.

కొత్త రకం అడుగున ఇసుకల పండుకొని ఉంటది. దానికి ఓడ తగలాల్సిన పని లేదు, ఇనుము ఓడ పైనుంచి పోతె అయస్కాంతం మారుతది, ఫ్యాను సప్పుడు వస్తది, నీళ్ల ఒత్తిడి మారుతది, ఈ మూడు కలిపి చూసుకొని పేలుతది. అందుల లెక్కపెట్టే మిషిను సుత పెడ్తరు, మొదటి ఐదు ఓడలను వదిలిపెట్టి ఆరోదాన్ని కొట్టు అని. ఇగ చూడు, ముంగట యుద్ధనౌక పోయింది, ఏం కాలే, దారి సాఫ్ అనుకుంటరు, వెనుక వచ్చే గ్యాస్ ఓడ కింద పేలుతది. అడుగున పేలినప్పుడు ఓడను కొట్టేది మందు మంట కాదు, పెద్ద గాలి బుడగ, అది ఓడను నడుము కాడ పైకి లేపి కింద పడేస్తది, సొంత బరువుకే నడుము ఇరుగుతది.

1991 ఫిబ్రవరి 18 ఇంకొకటి. ఇరాక్ కువైట్ ముంగట వెయ్యికి పైన మైన్లు చల్లింది. ట్రిపోలి అనే అమెరికా ఓడ, దాని మీద ఉన్నయే మైన్లు తీసే హెలికాప్టర్లు, అదే పోయి మైను మీద పడ్డది. కొన్ని గంటలకు ప్రిన్స్‌టన్, అది అప్పటికి అందరికన్నా కొత్త రకం మిసైల్ క్రూయిజర్, అడుగు మైను దాన్ని లేపింది. యుద్ధం అయినంక తీయనీకి నెలలు పట్టింది, శానా దేశాలు కలిసి తీసినయి, జపాన్ అయితే రెండో ప్రపంచ యుద్ధం తర్వాత మొదటిసారి తన నేవీని విదేశం పనికి పంపింది ఈ మైన్ల కోసమే.

ప్రశ్న (ములుగు, రిటైరైన ఆర్టీసీ డ్రైవర్): మా రూట్ల కల్వర్టుల కింద మందుపాతర్లు పెట్టిన రోజులు నేను చూసిన. పోలీసోళ్లు ముందు నడిచి చూసినంకనే జీపు కదిలేది. సముద్రంల గట్ల ఎవ్వరు నడుస్తరు? వాసన పట్టే కుక్కలు ఏమన్న ఉంటయా?

జవాబు: అన్నా, నువ్వు చెప్పిన రోడ్ ఓపెనింగ్ పార్టీనే సముద్రంల మైన్‌స్వీపర్. జీపు కన్నా ముందు కాలినడకన పోయేటోళ్లు ఎంత నిదానంగ పోతరో ఇదీ గంతే, గంటకు నాలుగైదు మైళ్లు, ఒక్కోసారి అది సుత ఉండది. తేడా ఏందంటె మీ కాడ కల్వర్టు ఎక్కడుందో పోలీసుకు ఎరుక, ఇక్కడ ప్రతి గజం కల్వర్టే.

రెండు పద్ధతులు. పాతది స్వీపింగ్, ఓడ వెనుక పొడుగు తీగ లాగుతరు, దానికి కట్టర్లు ఉంటయి, అవి మైను లంగరు తీగను కోస్తయి, గుండు పైకి తేలుతది, దూరంనుంచి తుపాకితోని కాలుస్తరు. నేను విశాఖల డ్యూటీ చేసినప్పుడు ప్రాక్టీసుల చూసిన, తీగ ఏసుడు, తీసుడు అంటె డెక్కు మీద రోజంత బురద చాకిరి, సినిమాలల్ల చూపిచ్చేటట్టు ఏముండదు. అయస్కాంతం మైన్లకు కరెంటు తీగ, సప్పుడు చేసే మిషిను లాగుతరు, పెద్ద ఓడ పోతున్నట్టు మైనును నమ్మిస్తరు. ఇరవై సార్లు నమ్మిచ్చినా ఇరవై ఒకటో దానికి లెక్క పెట్టుకొని ఉంటె ఏం చేస్తవు? అందుకే రెండో పద్ధతి, హంటింగ్. సోనార్, అంటె సప్పుడు పంపి నీళ్ల కింద చూసే మిషిను, పెట్టి అడుగున ఉన్న ప్రతి వస్తువును చూసుడు. పాత డ్రమ్ము, ఇరిగిన లంగరు, బండరాయి, ఎవడో పారేసిన ఫ్రిజ్జు, అన్ని మైను లెక్కనే కనబడ్తయి. ఒక్కొక్కదాని దగ్గరికి రిమోట్ మిషినునో గజ ఈతగాన్నో పంపి చూసి, మైనైతే పక్కన చిన్న మందు పెట్టి పేల్చాలె. ఈ ఓడలనే కట్టెతోని, ఫైబర్‌గ్లాస్‌తోని కడ్తరు, ఇనుముంటె మైను లేస్తది కాబట్టి.

సముద్రం మొత్తం సాఫ్ చేస్తరా అంటె చెయ్యరు, చెయ్యలేరు. ఒక సన్న దారి తీసి, నీళ్ల మీద తేలే గుర్తులు (బొయ్యలు) పెట్టి, ఇందులనుంచే పొండి అని చెప్తరు. దాన్ని మల్ల మల్ల చూసుకుంట ఉండాలె, ఎందుకంటె రాత్రి పూట చేపల పడవ మీద ఒకడు వచ్చి నాలుగు ఏసిపోతే మల్ల మొదటికే. 1987 సెప్టెంబర్‌ల ఇరాన్ అజ్ర్ అనే ఇరాన్ చిన్న ఓడ మైన్లు జారవిడుస్తుంటె అమెరికా హెలికాప్టర్లు చీకట్ల పట్టుకున్నయి. అది ఒక్కటి దొరికింది. దొరకనియి ఎన్నో, అసొంటి దాంట్లెనే ఒకటి రాబర్ట్స్‌కు తగిలింది.

కుక్కల సంగతి అడిగినవు, కుక్కలు లేవు గని డాల్ఫిన్లు ఉన్నయి. అమెరికా నేవీ శాన్ డియేగోల వాటికి ట్రైనింగ్ ఇస్తది, 2003ల ఇరాక్ ఉమ్ కసర్ రేవుల వాడిన్రు. అవి మైనును పేల్చవు, గుర్తు పెట్టి వస్తయి. బురద నీళ్లల్ల మనిషి చేసిన సోనార్ కన్నా వాటి చెవి ఇంకా నయమని నేవీ వాళ్లే ఒప్పుకుంటరు.

ప్రశ్న (కరీంనగర్, కిరాణం షాపు): 2022ల సన్‌ఫ్లవర్ ఆయిల్ ప్యాకెట్ రెండొందల దగ్గరికి పోయింది, గిరాకి నన్ను దొంగను చూసినట్టు చూసిన్రు. దానికి మైన్లే కారణమా?

జవాబు: మైన్లు ఒక్కటే కాదు సేటు, గని ఉన్నయి. అప్పటిదాక మన సన్‌ఫ్లవర్ నూనె ఎక్కువ శాతం యుక్రెయిన్‌నుంచే వచ్చేది. ఫిబ్రవరిల యుద్ధం మొదలైంది, రష్యా ఓడలు ఒడెస్సా రేవుకు అడ్డం నిలబడ్డయి, యుక్రెయిన్ తన ఒడ్డుకు తనే మైన్లు ఏసుకుంది, రష్యా దిగకుంట. మార్చి ఆఖరుకు కొన్ని గుండ్లు తీగ తెంపుకొని ఇస్తాంబుల్ కాడి బోస్ఫరస్ జలసంధి దాక కొట్టుకొచ్చినయి, టర్కీ వాళ్లు తీసిన్రు. ఎవరివి అని మీవంటె మీవని తిట్టుకున్నరు. ఎవరివైతే ఏంది, ఓడ కెప్టెన్‌కు అన్ని ఒకటే.

జులైల ఇస్తాంబుల్‌ల ఒప్పందం అయింది, ధాన్యం ఓడలకు మైన్లు లేని ఒక సందు చూపిచ్చిన్రు, ఆగస్టు 1 నాడు మొదటి ఓడ కదిలింది. 2023 జులైల రష్యా బయటికి పోయింది. తర్వాత టర్కీ, రొమేనియా, బల్గేరియా మూడు కలిసి 2024 జనవరిల ఒప్పందం రాసుకొని వాళ్ల వాళ్ల మైను ఓడలను ఒక్క గ్రూపు చేసి తిప్పుతున్నయి. యుద్ధం చేసేటోళ్లు కాదు, పక్కింటోళ్లు ఊడుస్తున్నరు. మీ గిరాకికి ఇదంత చెప్పే ఓపిక ఉంటె చెప్పు, లేకుంటె ఈ పేజీ కత్తిరించి కౌంటర్ మీద అంటియ్యి.

ప్రశ్న (హన్మకొండ, టీచర్): 1971ల పాకిస్తాన్ ఘాజీ సబ్‌మెరైన్‌ను విశాఖ ముంగట మన నేవీ ముంచిందా, దాని మైను అదే పేలి మునిగిందా? పిల్లలు అడుగుతున్నరు.

జవాబు: సార్, డిసెంబర్ 3 రాత్రి తెల్లారితె 4, అప్పుడు మునిగింది, అందులున్న ఒక్కలు సుత మిగలలే. మన నేవీ చెప్పేది ఐఎన్ఎస్ రాజ్‌పుత్ వదిలిన డెప్త్ చార్జీలు (నీళ్లల్ల పేలే బాంబులు) కారణమని. పాకిస్తాన్ చెప్పేది తను ఏస్తున్న మైన్ల దగ్గర్నో లోపటనో పేలుడు అయిందని. మన విమానాల ఓడ విక్రాంత్ విశాఖల ఉందనుకొని వచ్చింది, విక్రాంత్ అక్కడ లేదు, ఇది మాత్రం రెండు దిక్కులా ఒప్పుకునేదే. పిల్లలకు రెండూ చెప్పండ్రి, తెలివిగల్లోళ్లు వాళ్లే కొట్లాడుకుంటరు. ఇంకొక్కటి సుత చెప్పండ్రి, అదే యుద్ధంల చిట్టగాంగ్ రేవు మైన్లతోని, మునిగిన ఓడలతోని నిండిపోతే, కొత్తగ పుట్టిన బంగ్లాదేశ్‌కు బియ్యం దిగనీకి రేవు లేకపోతే, సోవియట్ నేవీ వచ్చి 1972నుంచి 1974 దాక రెండేండ్లు ఊడ్చింది. పదమూడు రోజుల యుద్ధం, రెండేండ్ల ఊడ్పు.

ప్రశ్న (మంచిర్యాల): మైన్లు ఏసి ఓడను ముంచినోళ్ల మీద కేసు పెట్టొచ్చా?

జవాబు: పెట్టిన్రు. 1946ల అల్బేనియా పక్కన కోర్ఫు జలసంధిల రెండు బ్రిటిష్ నౌకలు మైన్లకు తగిలి 44 మంది పోయిన్రు. హేగ్‌ల అంతర్జాతీయ కోర్టుకు వచ్చిన మొట్టమొదటి కేసు అదే. మైన్లు ఎవరు ఏసిన్రో తేలలే, గని నీ ఒడ్డుకు ఆనుకొని ఏస్తె నీకు తెల్వకుంట ఎట్ల ఉంటది, తెలిసినంక ఎందుకు చెప్పలే అని 1949ల అల్బేనియాదే బాధ్యత అన్నరు. పైసలు చేతికి రానీకి 1990లు వచ్చినయి. మన సివిల్ కోర్టులను ఊకె తిడ్తం గని.

ప్రశ్న (నిర్మల్ నుంచి ఒక తమ్ముడు, ఇంటర్ పాస్): మర్చంట్ నేవీల జీపీ రేటింగ్ (ఓడ మీద సెయిలర్ పనికి ట్రైనింగ్) చేద్దామనుకుంటున్న. ఒక ఏజెంట్ ఆరు లక్షలు ఇస్తె నేరుగ ఓడ ఎక్కిస్త అంటుండు. ఎర్ర సముద్రంల మిసైళ్లు అంటున్నరు, అమ్మ ఒద్దంటుంది. ఏం చేయమంటరు?

జవాబు: తమ్మీ, నీ ఉత్తరంల నాకు మిసైల్ కన్నా ఏజెంటే ఎక్కువ భయం పెట్టిండు. ఓడ ఉద్యోగం ఇప్పిస్తనని నీ దగ్గర పైసలు తీసుకునుడే చట్టం ప్రకారం తప్పు. కేంద్ర ప్రభుత్వ ఆఫీసు డీజీ షిప్పింగ్ లైసెన్స్ ఉన్న కంపెనీలే మనిషిని ఓడ మీదికి పంపాలె, దాన్ని ఆర్‌పీఎస్ఎల్ అంటరు, ఆ నంబరు డీజీ షిప్పింగ్ వెబ్‌సైట్ల కొట్టి చూస్తె ఉన్నదా లేదా రెండు నిమిషాలల్ల తెలుస్తది. ట్రైనింగ్ సుత వాళ్లు ఒప్పుకున్న ఇన్‌స్టిట్యూట్లనే చెయ్యాలె, దానికి ఫీజు ఉంటది, అది వేరు. నేరుగ ఎక్కిస్త అన్నోడు నిన్ను ఇన్సూరెన్స్ లేని, జీతం ఇయ్యని ఏదో పాత ఓడ మీద పడేస్తడు, నేవీ వచ్చి నిన్ను దొంగలనుంచి కాపాడొచ్చు గని గసొంటి కాంట్రాక్ట్‌నుంచి ఎవ్వరు కాపాడరు.

అమ్మ భయం నిజమే, దాన్ని తీసిపారేయకు. 2023 నవంబర్‌నుంచి యెమెన్ హూతీలు ఎర్ర సముద్రంల ఓడలను కొట్టుడు మొదలుపెట్టిన్రు, 2024 మార్చి 6 నాడు ట్రూ కాన్ఫిడెన్స్ అనే ఓడ మీద ముగ్గురు సెయిలర్లు చనిపోయిన్రు. మిగిలినోళ్లను తీసింది మన ఐఎన్ఎస్ కోల్‌కతా. అదే ఏడు జనవరి 26 నాడు మార్లిన్ లువాండా అనే ట్యాంకర్‌కు మిసైల్ తగిలి మంట అంటుకుంటె ఐఎన్ఎస్ విశాఖపట్నంనుంచి ఫైర్ టీమ్ ఎక్కి ఆర్పిన్రు, అందుల 22 మంది మన దేశపోళ్లే. మార్చిల ఎంవీ రుయెన్ ముచ్చట అయితే ఇంకా పెద్దది, సోమాలియా దొంగలు డిసెంబర్‌ల ఎత్తుకపోయిన ఓడను, మన ఒడ్డుకు 2,600 కిలోమీటర్ల దూరంల, కోల్‌కతా పోయి అడ్డం నిలబడ్డది, సీ-17 విమానంనుంచి మార్కోస్ కమాండోలు పడవలతో సహ సముద్రంలకు దుంకిన్రు, నలభై గంటలకు 35 మంది దొంగలు చేతులెత్తిన్రు, 17 మంది సిబ్బంది ఒక్క గీత లేకుంట బయట పడ్డరు. ముంబైకి పట్టుకొచ్చి పోలీసులకు అప్పజెప్పిన్రు.

మన నేవీ ఎర్ర సముద్రం మొగదల ఉన్న ఏడెన్ గల్ఫ్‌ల 2008 అక్టోబర్‌నుంచి తిరుగుతుంది, హార్ముజ్ బయట ఆపరేషన్ సంకల్ప్ 2019 జూన్‌నుంచి నడుస్తుంది. కాబట్టి దొంగలకు, డ్రోన్‌కు కాపలా ఉంది, ఎప్పుడూ పక్కనే ఉంటదని కాదు గని ఉంది. చేరినంక ఒక్కటి గుర్తు పెట్టుకో, యూనియన్ ఒప్పందం ఉన్న ఓడలల్ల యుద్ధం జోన్‌ల పోవుడు నాకొద్దు అని చెప్పే హక్కు సెయిలర్‌కు ఉంటది, కంపెనీ ఖర్చు మీదనే ఇంటికి పంపాలె. కాంట్రాక్ట్ మీద సంతకం పెట్టే ముందుగాల ఆ లైను ఉందా అని చూసుకో. ఇంగ్లీషు రాకపోతే చదివించుకో, సిగ్గుపడకు. అమ్మకు ఇదంత చదివి వినిపించు, అప్పటికి ఒద్దంటె నేనేం చెప్పలేను.

ప్రశ్న (భూపాలపల్లి, ఒక అన్న కోపంగ రాసిండు): తెలంగాణకు సముద్రమే లేదు. యూరియా కోసం లైన్ల నిలబడి చెప్పులు పెట్టుకున్న రైతుకు మీ మైన్ల కథలు ఎందుకు? అయినా ఇన్ని చెప్తున్నరు, మన దేశానికి మైన్లు తీసే ఓడలు ఎన్ని ఉన్నయో అది చెప్పండ్రి, దమ్ముంటె.

జవాబు: యూరియానుంచే మొదలుపెడ్త అన్నా. రామగుండం ఫ్యాక్టరీ యూరియా చేసేది దేనితోని? గ్యాస్‌తోని, బొగ్గుతోని కాదు. దేశంల ఎరువుల ఫ్యాక్టరీలు కాల్చే గ్యాస్‌ల పెద్ద భాగం ఓడల మీద వచ్చే గ్యాస్, అందుల ఎక్కువ ఖతర్‌ది, ఖతర్ ఓడ హార్ముజ్ దాటకుంట బయటికి రాదు. తయారైన యూరియా సుత గల్ఫ్‌నుంచి కొంటం. 2025 వానాకాలం లైన్లకు కారణాలు మస్తు ఉన్నయి, అన్ని సముద్రం మీద తోసెయ్య, గని సముద్రం లేని రైతు అని ఎవ్వరు లేరు.

ఇగ దమ్ము సంగతి. మైన్లు తీసేందుకే కట్టిన ఓడలు మన నేవీకి ఎన్ని అంటె, సున్న.

సోవియట్‌నుంచి కొన్న పన్నెండు ఉండె, 1970ల ఆఖరునుంచి 80ల దాక వచ్చినయి. ఒక్కొక్కటి ముసలిది అయి పోయినయి, ఆఖరుది ఐఎన్ఎస్ కోళికోడ్ 2019 ఏప్రిల్‌ల విశాఖల జెండా దించింది. అవి పోయేలోపే కొత్తయి రావాలె కద, కొరియానుంచి టెక్నాలజీ తెచ్చి గోవా షిప్‌యార్డ్‌ల పన్నెండు కడ్తమని ఏండ్లకు ఏండ్లు బేరం నడిచి 2018ల ఆగిపోయింది. 2025 జులైల రక్షణ శాఖ కొనుగోళ్ల కౌన్సిల్ మల్ల ఒకసారి మైను ఓడలకు సరే అన్నది. సరే అనుడు మొదటి మెట్టు, దాని తర్వాత టెండర్, ధర, కాంట్రాక్ట్, అప్పుడు కట్టుడు. ఈ లోపట వేరే ఓడల మీద బిగించుకునే సామాను, నీళ్ల కింద పోయే మిషిన్లు పెట్టి నెట్టుకొస్తున్నరు. పన్నెండు పెద్ద రేవులున్న దేశం, ఒక్క విశాఖ రేవు ముంగట ఎవడన్న నాలుగు ఏస్తె దాన్ని తెరువనీకి ఎన్ని రోజులు పడ్తదో లెక్క కట్టినోళ్లు ఢిల్లీల ఉంటరనే నేను నమ్ముతున్న, నమ్మకపోతే నిద్ర పట్టది.

మన గమ్మత్తు ఏందంటె మైన్లు చేసుడుల మనం ముందున్నం. 2025 మే 5 నాడు డీఆర్‌డీఓ, నేవీ కలిసి అడుగున పండుకునే కొత్త మైనును పరీక్ష చేసిన్రు, అది విశాఖ ల్యాబ్‌ల పుట్టింది, తయారు చేసేది భారత్ డైనమిక్స్, హైదరాబాద్ అపోలో మైక్రో సిస్టమ్స్. మంచిదే, కాదనను. ఏసేటోనికి మెడల్, ఊడ్చేటోనికి చీపురు, అన్ని దేశాల నేవీలల్ల ఇదే కథ. అమెరికా సుత బహ్రెయిన్‌ల ఉంచిన కట్టె మైన్‌స్వీపర్లు నాలుగింటిని 2025ల పక్కన పెట్టింది, వాటి జాగల డ్రోన్లు మోసే కొత్త ఓడలు తెచ్చింది, అవి నిజమైన మైన్ల నడుమ ఎట్ల చేస్తయో అసలు పరీక్ష అయినంకనే మాట్లాడాలె.

తెలంగాణకు నేవీతోని పనేంది అన్నవు కాబట్టి ఇంకొక్కటి, వికారాబాద్ దామగుండంల 2024 అక్టోబర్ 15 నాడు రాజ్‌నాథ్ సింగ్ శంకుస్థాపన చేసింది నేవీ స్టేషనే, నీళ్ల కింద ఉన్న సబ్‌మెరైన్లకు సిగ్నల్ పంపేది. అడివి పోతదని అక్కడోళ్లు కొట్లాడిన్రు, ఆ కొట్లాటల నాకు సుత రెండు దిక్కులా మాట ఉంది, దాని మీద ఉత్తరం రాయి, విడిగ జవాబు ఇస్త. కోపంగ రాసినా సరే.